నెవిన్ మరచిపోయిన వరుస

"ముందు పోయింది లెక్క. అక్కణ్ణించి మొదలెట్టు వైశాలీ. బక్లావాకి కింద ఇరవై పొరలు, మధ్యలో అక్రోట్ల పొడి, పైన ఇరవై. యాభై ఏళ్ళ నుంచీ ఆ లెక్క నెవిన్ నోటితో చెప్పుకున్నది లేదు, చేతికే తెలుసు. ఆ రోజు పదమూడో పొర పరిచి ఆగిపోయింది. నా మొహంలోకి చూసి 'ఎన్నయ్యాయి?' అంది. పదమూడు అన్నాను. నవ్వేసింది. నేనూ నవ్వేశాను. పోయినేడు నవంబర్లో. తారీఖు కూడా రాయి. మా ఆయన పుట్టినరోజుకి ముందు శనివారం, ఫోన్లో చూసి చెబుతానుండు."

వంటింటి బల్ల ముందు కూర్చున్న వైశాలి ఆ మాటల్ని జర్మన్‌లోకి మారుస్తూ ల్యాప్‌టాప్‌లో టైప్ చేస్తోంది. శాంత నిలబడే చెబుతోంది. కూర్చుంటే మధ్యలో ఆగిపోతానేమోనని ఆవిడ భయం.

రాస్తున్నది ఉత్తరం. ఎదురింటి నెవిన్ కొడుకు ఎర్కాన్‌కి. సోమవారం పొద్దున్న పది గంటలకు అతను తల్లిని జ్ఞాపకశక్తి పరీక్షించే క్లినిక్‌కి తీసుకెళ్తున్నాడు. మూడు వారాలు ఫోన్లు చేస్తే దొరికిన టెర్మిన్, అపాయింట్‌మెంటు. అక్కడ డాక్టరు మొట్టమొదట అడగబోయేది, ఇది ఎప్పటి నుంచి అని. ఐదు వారాల నుంచి అని ఎర్కాన్ చెబుతాడు. అతనికి తెలిసింది అంతే. నిజానికి ఏడాది. ఆ సంగతి తెలిసిన మనిషి కార్ల్స్‌రూహె మొత్తమ్మీద శాంత ఒక్కతే. తెలిసీ కప్పిపెట్టిందీ ఆవిడే.

పదకొండేళ్ళ కిందట భర్త భాస్కర్ రావు ఐటీ ఉద్యోగం కోసం బ్లూ కార్డు వీసా మీద జర్మనీకి వస్తే, ఆర్నెల్లకు కూతుర్ని వెంటబెట్టుకుని శాంత వచ్చింది. ఆవిడది మండపేట పక్కన చిన్న ఊరు. మూడో అంతస్తులో రెండే ఇళ్ళు, మధ్యలో రెండు చాపలంత జాగా. అవతలి తలుపు నెవిన్‌ది. పంతొమ్మిది వందల డెబ్బై మూడులో టర్కీలోని తొకాట్ అనే ఊరి నుంచి కొత్త పెళ్ళికూతురిగా మూడు రోజులు రైల్లో వచ్చి, పాతికేళ్ళు కుట్టుమిషన్ల ఫ్యాక్టరీలో పనిచేసి, భర్త పోయాక ఆ ఇంట్లో ఒక్కతే ఉంటున్న మనిషి. శాంతకు అప్పటికి జర్మన్ రాదు. నెవిన్‌కి వచ్చిన జర్మన్ ఫ్యాక్టరీలో నేర్చుకున్నది, అందులో సగం మిషను భాగాల పేర్లే. కొత్తలో ఇద్దరూ చేతులతోనే మాట్లాడుకున్నారు.

ఆ ఏడు దీపావళికి శాంత మడత కాజాలు చేసి ఓ పళ్ళెంలో పెట్టి ఇచ్చింది. నెవిన్ ఒక కాజాను గుమ్మంలోనే విరిచి, బొటనవేలి గోరుతో పొరలు విడదీసి లెక్కపెట్టింది. "ఏడు. అంతేనా?" అంది. శాంతకు ఒళ్ళు మండింది. తర్వాతి ఆదివారం నెవిన్ అదే పళ్ళెంలో బక్లావా ముక్కలు తెచ్చి, "నువ్వూ లెక్కపెట్టుకో" అని చేతిలో పెట్టి వెళ్ళింది. శాంత లెక్కపెట్టలేకపోయింది. పొరలు గోరు తగిలితే పొడి అయిపోయాయి. వేలికి అంటిన ముక్కను నాకి, వెళ్ళి ఎదురు తలుపు తట్టింది. అట్లా మొదలయ్యాయి శనివారాలు.

నెవిన్ షాపులో దొరికే రెడీమేడ్ రేకులు ముట్టుకునేది కాదు. పిండి తనే కలిపేది, గుడ్డూ పెరుగూ వేసి. గుడ్డు తీసేస్తే కుదరదా అని శాంత అడిగినందుకు, కుదురుతుంది, దాన్ని చపాతీ అంటారని జవాబు వచ్చింది. నిమ్మకాయంత ఉండలు పది చేసి, మధ్య మధ్య మొక్కజొన్న పిండి చల్లి, పదీ ఒకదాని మీద ఒకటి పేర్చి, చేతికర్రంత పొడుగున్న సన్నటి కర్రతో ఒకేసారి పామేది. విప్పితే పది రేకులు. ఒక్కో రేకు కింద పరిచిన బల్లగుడ్డ మీది పువ్వు కనబడాలి. కనబడకపోతే మళ్ళీ పామాల్సిందే. పిస్తాలు షాపుల వాళ్ళ ఆడంబరం, ఇంటికి అక్రోట్లు, అదీ కత్తితో కొట్టినవే, మిక్సీలో వేస్తే నూనె కక్కుతాయి. నెయ్యి విషయంలో మాత్రం నెవిన్ ఓడిపోయింది. ఆవిడ వాడేది కరిగించి తేర్చిన వెన్న. శాంత కాచిన నెయ్యి ఒకసారి వాసన చూసి, డబ్బా తనవైపు జరుపుకుంది.

పాకం తనకు వదిలెయ్యమంది శాంత. పాకం గురించి తనకొకరు చెప్పేదేమిటని ఆవిడ ధీమా. రెండు వేళ్ళ మధ్య తీగ సాగేదాకా కాచి పోసింది. కాజాకి అదే పద్ధతి మరి. మర్నాటికి పంచదార గట్టిపడి, ముక్క కొరికితే గులకరాళ్ళు నమిలినట్టు అయింది. ఆ వారమంతా మెట్ల మీద కనిపించినప్పుడల్లా నెవిన్ దవడ పట్టుకుని పంటినొప్పి నటించింది. బక్లావాకి లేత పాకం చాలు, నాలుగు నిమ్మ చుక్కలు పడాలి. అంతకంటే ముఖ్యం, రెండిటిలో ఒకటి వేడిగా, ఒకటి చల్లగా ఉండాలి. ఓవెన్ లోంచి తీసిన వేడి ట్రే మీద చల్లారిన పాకం. పోసినప్పుడు సుయ్యిమని చప్పుడు రావాలి. ఆ చప్పుడు కోసం నెవిన్ తల వంచి, చెవి ట్రే దగ్గర పెట్టేది.

పాకం చల్లారేదాకా కథ. ఆ కథ శాంతకు ఇప్పుడు కంఠతా వచ్చు. ఈ పొరల రొట్టె ఎవరిదని గ్రీకులూ అరబ్బులూ తురుష్కులూ ఈనాటికీ వాదించుకుంటారట. గుర్రాల మీద తిరిగే రోజుల్లోనే తమ వాళ్ళు పెనం మీద పొర మీద పొర వేసి కాల్చుకున్నారని నెవిన్ వాదం. వాటిని కాగితమంత పల్చన చేసింది మాత్రం ఇస్తాంబుల్ రాజమహల్ వంటవాళ్ళు. రంజాను నెల సగం గడిచిన రోజున సుల్తాను తన సైనికులకు బక్లావా పంచేవాడు. పదిమందికి ఒక ట్రే. ట్రేలను గుడ్డల్లో మూటగట్టి, కర్రలకు వేలాడదీసి, ఇద్దరిద్దరు భుజాన మోసుకుంటూ ఊరంతా చూస్తుండగా బ్యారక్‌లకు తీసుకెళ్ళేవాళ్ళు. మర్నాడు ట్రేలూ గుడ్డలూ మహలుకు తిరిగి రావాలి. సైనికులు అలిగితే వంట కాగులు బోర్లించి తిరగబడేవాళ్ళని చెబుతున్నప్పుడు నెవిన్ కళ్ళు పెద్దవయ్యేవి.

"మొదటిసారి ఈ ఇంటికొచ్చినప్పుడు నువ్వు నన్ను అడిగింది కూడా ఇదే కదా," అంది శాంత, "బక్లావా ఎవరు కనిపెట్టారని."

వైశాలి ఔనన్నట్టు తల ఊపింది. వరంగల్ నుంచి ఎంఎస్ చదవడానికి వచ్చి ఇక్కడే ఉద్యోగంలో చేరిన పిల్ల. తెలుగు వాళ్ళ పండగలో శాంత తెచ్చిన బక్లావా తిని, ఎట్లా చేస్తారో చూస్తానని వచ్చింది. చూడటానికి వచ్చిన మనిషి రెండు మూడు గంటలు కూర్చుని వినేది. అడ్డు రాదు, తొందరపెట్టదు, అర్థం కానిది మళ్ళీ అడుగుతుంది. అందుకే శాంత ఇవాళ కూడా పిలిచింది వైశాలినే. నిన్న కూతురు రిషితకు ఫోన్ చేసి, ఎర్కాన్‌కి ఉత్తరం రాయాలి, జర్మన్‌లోకి మార్చి పెట్టమంటే, డెగ్గెన్‌డార్ఫ్ కాలేజీ హాస్టల్లోంచి ఆ పిల్ల జర్మన్‌లోనే జవాబు చెప్పింది. నువ్వు చేసినదాన్ని నువ్వే చెప్పుకోవాలి మమ్మీ అని. పొద్దున్న భాస్కర్ రావు ఇంకోలా అన్నాడు. పరాయి దేశంలో పరాయివాళ్ళ ఇంటి గొడవ మనకెందుకు, అతను రేపు లాయరు దగ్గరికెళ్తే ఎవరు తిరుగుతారు అని. ఇప్పుడు పక్క గదిలో టీవీ గొంతు తగ్గించి పెట్టుకుని కూర్చున్నాడు. వింటున్నాడని శాంతకు తెలుసు.

"లెక్క తర్వాత ఏం పోయింది అక్కా?" వైశాలి అడిగింది.

"వేడీ చల్లా."

జనవరిలో ఒక శనివారం, కాగుతున్న పాకాన్ని అప్పుడే ఓవెన్ లోంచి తీసిన ట్రే మీద పోసేసింది నెవిన్. చప్పుడు రాలేదు. తల వంచి చెవి పెట్టి, అలాగే చాలాసేపు ఉండిపోయింది. ట్రే అంతా మెత్తబడి ముద్దయింది. మర్నాడు ఎర్కాన్ వస్తాడు. రెండు వారాలకోసారి ఆదివారం అతను పోర్ట్స్‌హైమ్ నుంచి వచ్చి, తల్లి చేసిన బక్లావా తిని, మిగిలింది డబ్బాలో పట్టుకెళ్ళడం ఏళ్ళ తరబడి నడుస్తున్న ఆనవాయితీ. ఆ సాయంత్రం శాంత తన ఇంట్లో మళ్ళీ పిండి కలిపి, కొత్త ట్రే కాల్చి, ఎదురింటి బల్ల మీద పెట్టి వచ్చింది. అప్పటికి దానిలో తప్పేమీ కనబడలేదు. ఒంట్లో బాగోనప్పుడు ఎవరైనా చేస్తారు.

అది అలవాటైంది. ఫిబ్రవరి నుంచి రేకులు పామేది శాంత, పరిచేది శాంత, కాల్చేది శాంత. నెవిన్ కుర్చీలో కూర్చుని కర్ర పట్టుకునేది. ఒక్కోసారి దాంతో ఏం చెయ్యాలో తెలియక ఒళ్ళో పెట్టుకునేది. ఆదివారం ఎర్కాన్ తిని, "అమ్మా, ఈసారి ఎప్పటికంటే బాగా కుదిరింది" అనేవాడు. నెవిన్ శాంతవైపు చూసేది కాదు.

కథ కూడా మారుతూ వచ్చింది. పదిమందికి ఒక ట్రే అన్నది నలుగురికి ఒకటయింది. తర్వాత సుల్తాను పోయాడు. మే నెలలో ఒకరోజు సైనికులు ట్రేలు మోసుకుంటూ వచ్చి కార్ల్స్‌రూహె స్టేషన్లో దిగారు. హాస్యమనుకుని శాంత పగలబడి నవ్వింది. నెవిన్ నవ్వలేదు. వాళ్ళకు ఎదురెళ్ళడానికి తన కోటు ఎక్కడుందని అడిగింది.

"ఇది రాయాలా?" అంది వైశాలి.

"రాయి. మే మూడో శనివారం."

జులై సంగతి చెప్పే ముందు శాంత సింకు దగ్గరికి నడిచింది. కుళాయి తిప్పి గ్లాసు నింపుకుంది, తాగలేదు. మధ్యాహ్నం ఫోన్ వచ్చింది, నెవిన్ నంబరు నుంచి మగ గొంతు. డుర్లాఖ్‌లో ట్రామ్ ఆఖరి స్టాపు దగ్గర ఒక పెద్దావిడ కూర్చుని ఉంది, తనది ఏ ఇల్లో చెప్పలేకపోతోంది, ఫోన్లో చివరగా మాట్లాడిన నంబరు మీది అని. శాంత వెళ్ళేసరికి నెవిన్ బెంచీ మీద ఉంది. కాళ్ళకు ఇంట్లో తొడుక్కునే ఉన్ని చెప్పులు. చేతిలో అక్రోట్ల సంచి. ఫ్యాక్టరీ షిఫ్టుకి ఆలస్యమైందని ఏడుస్తోంది. ఆ ఫ్యాక్టరీ మూతబడి ఎన్నాళ్ళయిందో శాంతకే తెలియదు.

ఇంటికి తీసుకొచ్చాక నెవిన్‌కి కాస్త తెలివి వచ్చింది. శాంత రెండు చేతులూ పట్టుకుని ఒట్టు పెట్టించుకుంది. ఎర్కాన్‌కి చెప్పకూడదు. చెబితే హైమ్‌లో, అంటే వృద్ధుల ఆశ్రమంలో, పడేస్తాడు. తన స్నేహితురాలు గుల్సుమ్‌ని అలాగే చేర్చారు. అక్కడికెళ్ళిన కొన్నాళ్ళకి గుల్సుమ్ జర్మన్ పూర్తిగా మరిచిపోయింది. తురుష్కంలో దాహమంటే దుప్పటి తెచ్చి కప్పేవాళ్ళు. "నాకూ మాటలు పోతున్నాయి శాంతా," అంది నెవిన్. "నీతో మాట్లాడే మాటలు పోతున్నాయి. ఇక్కడుంటే నువ్వు నా చెయ్యి చూసి అర్థం చేసుకుంటావు."

శాంత ఒట్టు వేసింది.

"జాలిపడ్డరు అక్కా, అంతే కదా," అంది వైశాలి. "ఎవరైనా గట్లనే చేస్తరు."

"జాలి ఒక్కటే అయితే బాగుణ్ణు," అంది శాంత. "రిషిత వెళ్ళిపోయాక ఈ ఇంట్లో నాకు శనివారం తప్ప ఇంకో రోజు లేదు. ఆవిడ వెళ్ళిపోతే నేనెవరి తలుపు తట్టాలి? అది కూడా ఉంది ఆ ఒట్టులో. అది ఎర్కాన్‌కి చెప్పనక్కర్లేదు గానీ, నీకు తెలియాలి."

పక్క గదిలో టీవీ గొంతు ఆగిపోయింది. మళ్ళీ వినబడలేదు.

అక్టోబరు రెండో వారం దాకా అలాగే నడిచింది. ఎప్పటికో అప్పటికి బయటపడుతుందని తెలుసు. అయితే తన తప్పు వల్లే బయటపడుతుందని శాంత అనుకోలేదు.

శాంతకు వంట రుచి చూసే అలవాటు లేదు. పుట్టింట్లో దేవుడికి పెట్టకముందు గరిట నాలుక మీద పెట్టుకుంటే వాళ్ళమ్మ గరిటతోనే మొట్టేది. ఉప్పూ పులుపూ వాసన పట్టి, రంగు చూసి చెప్పెయ్యడం చిన్నప్పుడే వచ్చింది. పైగా శనివారం వెంకటేశ్వరస్వామికి ఒక్కపొద్దు. సాయంత్రం దీపం పెట్టేదాకా పచ్చి మంచినీళ్ళు తప్ప నోట్లో వేసుకోదు. బక్లావా చేసేది ఆ శనివారమే. పదకొండేళ్ళలో నెవిన్ వంటింట్లో ఆవిడ ఒక్క చుక్క పాకం కూడా చవి చూసి ఎరగదు. రుచి చూడకుండా ఎట్లా తెలుస్తుందని నెవిన్ ఎన్నోసార్లు వెక్కిరించింది. ముక్కుకి తెలుస్తుందని శాంత గర్వంగా చెప్పేది.

ఆ రోజు రేకులు పరిచి ట్రే ఓవెన్లో పెట్టాక, కింద పార్సెల్ వాడు బెల్లు కొట్టాడు. శాంత వెళ్ళి సంతకం పెట్టి వచ్చేలోగా నెవిన్ పొయ్యి ముందు నిలబడి పాకం కాస్తోంది. ఎన్నో నెలల తర్వాత తనంతట తను లేచి గిన్నె పట్టుకుంది. మొహం ఎంత తేటగా ఉందంటే, గరిట లాక్కోవడానికి శాంతకు మనసొప్పలేదు. పాకం కొంచెం పల్చగా అనిపించింది. నిమ్మరసం ఎక్కువ పడిందేమో అనుకుంది. చల్లారాక నెవిన్ చేతే పోయించింది. సుయ్యిమంది. ఇద్దరూ తలలు వంచి విన్నారు.

మర్నాడు ఎర్కాన్ శాంతను కూడా టీకి పిలిచాడు. ట్రే బల్ల మధ్యలో ఉంది. అతను ముక్క నోట్లో పెట్టుకుని, నమలబోయి, ఆగి, కాగితం రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. శాంత తన ముక్క అంచు కొరికింది. ఉప్పు. మామూలు ఉప్పు కాదు, నాలుక కాలినంత. నెవిన్ వంటింట్లో ఉప్పూ పంచదారా ఒకే రకం గాజు సీసాల్లో పక్కపక్కన ఉంటాయి. మూడు గ్లాసుల పంచదార పడాల్సిన చోట రెండు గ్లాసులు పంచదార, ఒకటి ఉప్పు పడి ఉంటుంది.

ఎర్కాన్ ఏదో అనబోయి తల్లిని చూశాడు. నెవిన్ తింటోంది. ఒక ముక్క అయింది, వేళ్ళు నాకింది, రెండోది తీసుకుంది.

"ఎలా ఉందమ్మా?" అన్నాడు.

"బాగుంది," అంది నెవిన్. "నువ్వు తినడం లేదేం?"

మూడో ముక్క కోసం చెయ్యి చాపినప్పుడు అతను మెల్లగా ట్రే ఇవతలికి లాక్కున్నాడు. గడ్డం నెరిసిన మనిషి, ట్రే ఒళ్ళో పెట్టుకుని అలా కూర్చుండిపోయాడు. తర్వాత శాంతను బయటికి పిలిచి, మెట్ల దగ్గర నిలబెట్టి అడిగాడు. "శాంత అబ్లా, మీరు వారం వారం చూస్తున్నారు. నేను పోయిన నెల తిన్నది అమృతంలా ఉంది. ఇది ఎప్పటి నుంచి?"

ఆవిణ్ణి అక్కలా అబ్లా అని పిలుస్తాడు అతను, నాలుగేళ్ళే తేడా అయినా.

"నేనేమీ గమనించలేదు," అంది శాంత. "పోయిన వారం కూడా బాగానే ఉంది."

జర్మన్‌లో ఆవిడకు తప్పుల్లేకుండా వచ్చే వాక్యాలు కొన్నే. అది తడుముకోకుండా వచ్చింది.

తర్వాత అన్నీ ఆ మాట మీదే నడిచాయి. నిన్నటిదాకా నలభై పొరలు సొంతంగా పరిచిన మనిషికి హఠాత్తుగా ఏమయిందని ఇంటి డాక్టరు కంగారుపడి ఆసుపత్రికి పంపాడు. రక్తపోటు వల్లనా, నరం చిట్లిందా, మాత్రలేమైనా పడలేదా అని తలకు ఫోటోలు, నడుములో సూదులు. నాలుగు రోజులు మంచానికి అంటిపెట్టుకుని ఉండలేక నెవిన్ చేతికి పెట్టిన సూదులు పీకేసుకుందట. ఏమీ దొరకలేదు. దొరకలేదు కాబట్టి పెద్ద ప్రమాదం లేదని ఎర్కాన్ ధైర్యం తెచ్చుకున్నాడు. అప్పటి నుంచి తల్లిని తన ఇంట్లో ఉంచుకున్నాడు గానీ, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకెళ్తే పగలంతా చూసేవాళ్ళు లేరు. మొన్న గురువారం ఫోన్ చేసి చెప్పాడు. సోమవారం క్లినిక్ అయ్యాక, మంగళవారం అమ్మను ఆవిడ ఫ్లాట్‌కే తీసుకొచ్చేస్తాను, ఆవిడకి సొంత ఇల్లే మంచిది, ఎదురుగా మీరున్నారన్న ధైర్యం, మీ రుణం ఎలా తీర్చుకోవాలో తెలియడం లేదని. శాంత ఫోన్ పట్టుకుని "సరే, సరే" అంది. ఫోన్ పెట్టేశాక ఎదురు తలుపు చూస్తూ మెట్ల మీద కూర్చుంది. రేపు తను కూరగాయలకని కిందికి దిగిన పావుగంటలో ఉన్ని చెప్పులతో ఆ మనిషి ఇంకో ట్రామ్ ఎక్కితే? ఇది నవంబరు. డుర్లాఖ్ బెంచీ మీద ఇప్పుడు గంట కూర్చుంటే ఏమవుతుంది?

వైశాలి రాసిందంతా మెల్లగా తెలుగులో చదివి వినిపించింది. శాంత రెండు చోట్ల దిద్దించింది. ఒకచోట "సహాయం చేశాను" అని పడింది, దాన్ని "దాచిపెట్టాను" అని మార్చమంది. ఇంకోచోట నెవిన్ ఒట్టు పెట్టించుకుందన్న వాక్యం ముందుంటే, దాన్ని కిందికి జరపమంది. తప్పు ఆవిడ మీదికి తోసినట్టుందని.

"ఒక్క మాట అక్కా," అంది వైశాలి. "మెట్ల కాడ ఆయన అడిగితే, మీరేం గమనించలేదన్నరు చూడుండ్రి, ఆ ముక్క తీసేద్దామా? డాక్టరుకు కావాల్సింది తారీఖులు. అవన్నీ ఉన్నయి. ఆ మాట ఆయన ఇప్పటికి మర్చిపోయి కూడా ఉంటడు."

"డాక్టరుకి తారీఖులు చాలు," అంది శాంత. "ఎర్కాన్ వాటిని ఎందుకు నమ్మాలి? ఒకసారి ఏమీ లేదన్నదాన్ని, ఇప్పుడు ఏడాది నుంచీ ఉందంటున్నాను. అప్పుడు అబద్ధమాడానని నేను ఒప్పుకుంటేనే ఇప్పుడు చెప్పేది నిజమవుతుంది. ఉంచు."

వైశాలి ఉంచింది. చదివితే అతను మిమ్మల్ని మళ్ళీ వాళ్ళ గుమ్మం తొక్కనిస్తాడంటారా అని అడిగింది. తొక్కనివ్వడేమోనని శాంత చెప్పింది. మంగళవారం తీసుకురాడు. హైమ్‌లో చేరిస్తే ఏ హైమో కూడా చెప్పకపోవచ్చు. అతని చోట తనుంటే తనూ చెప్పదు. ఆ మాట అంటూ చేతిలోని తడిగుడ్డతో తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తోంది.

ప్రింటర్ భాస్కర్ రావు గదిలో ఉంది. తలుపు తీసుకుని ఆయనే బయటికొచ్చాడు, రెండు కాగితాలు పట్టుకుని. ఎవరూ అడగలేదు. వైశాలి పంపగానే అక్కడ అచ్చయిన కాగితాలు. వాటిని శాంతకు ఇచ్చి, పెన్ను కూడా ఇచ్చాడు. శాంత కింద తెలుగులో సంతకం పెట్టి, దాని కిందే జర్మన్ అక్షరాల్లో ఇంకోసారి పెట్టింది. మడిచి కవర్లో పెట్టింది. అంటించలేదు.

"మీరే పోయి ఇస్తే బాగుంటది కదా అక్కా," అంది వైశాలి కోటు తొడుక్కుంటూ. "నేను కూడా మీతోని వస్తా."

"నేను రెండుసార్లు ఫోన్ చేశానమ్మాయ్. హలో అనగానే అతను థాంక్స్ చెప్పడం మొదలెడతాడు. మా అమ్మకి మీరు చేసింది సొంత చెల్లెలు చెయ్యదు అంటాడు. అది విన్నాక నాకు నోరు పెగలదు. ఎదురుగా నిలబడితే అసలే పెగలదు." ఆవిడ గోడ గడియారం చూసింది. "ఒకటిన్నర. అతను పనిచేసే టైర్ల షాపు పోర్ట్స్‌హైమ్ స్టేషన్ వెనకే. చలికాలం టైర్లు మార్చుకునే జనం కదా, నాలుగింటిదాకా తీసే ఉంటుంది. చేతికే ఇవ్వు, కౌంటర్లో ఇవ్వకు. ఇంటి పోస్టు డబ్బాలో అసలే వెయ్యొద్దు, సోమవారానికి చూడకపోతే అయిపోయినట్టే. అతను చదివేదాకా అక్కడే నిలబడు. చదివాక నన్ను తిడతాడు. తిట్టనీ. నువ్వు నా తరఫున ఒక్క మాట కూడా మాట్లాడొద్దు. ఏమన్నాడో మాత్రం, మెత్తగా మార్చకుండా, అన్నది అన్నట్టు వచ్చి నాకు చెప్పు."